డొమైన్ పేర్ల అమ్మకం: ధర, ఖర్చు, మిగులు

డొమైన్ పేరును ఎవరూ శాశ్వతంగా కొనలేరు. డబ్బు కట్టినవారికి దక్కేది ఏడాది నుంచి గరిష్ఠంగా పదేళ్ల వరకు ఆ పేరును వాడుకునే హక్కు మాత్రమే. గడువులోగా మళ్లీ కట్టకపోతే పేరు చేజారిపోతుంది. అందరూ అమ్మకం అనే అంటారు గానీ, లెక్కల పుస్తకంలో ఇది కిరాయి వ్యాపారం. ఎవరి మిగులు ఎంత అనేది తెలియాలంటే ముందు ఆ కిరాయి ఎన్ని చేతులు మారుతుందో చూడాలి. కామారెడ్డి జిల్లా బాన్సువాడలో ఒక ప్రైవేటు స్కూలు డాట్ కామ్ పేరు తీసుకుందనుకుందాం. స్కూలు యాజమాన్యం డబ్బు ఇచ్చేది ఊళ్లో వెబ్‌సైట్లు చేసిపెట్టే కుర్రాడికి. అతను రీసెల్లర్. అతను కట్టేది రిజిస్ట్రార్‌కు, అంటే గోడాడీ, బిగ్‌రాక్ వంటి కంపెనీకి. రిజిస్ట్రార్ కట్టేది రిజిస్ట్రీకి. డాట్ కామ్ పేర్లన్నిటి అసలు జాబితా ఉండేది ఈ రిజిస్ట్రీ దగ్గరే, అది అమెరికాలోని వెరిసైన్ కంపెనీ. వీళ్లందరి మీద నియమాలు పెట్టే ఐకాన్ అనే లాభాపేక్ష లేని సంస్థకూ పేరుకింత అని చిన్న వాటా వెళుతుంది. 1998లో ఏర్పడిన ఈ సంస్థ 2016 నవంబరులో తన 57వ సమావేశాన్ని హైదరాబాద్ హెచ్‌ఐసీసీలో జరిపింది.

మొదట్లో ఈ పేర్లకు ధరే లేదు. 1985లో తొలి డాట్ కామ్ పేరు నమోదైన నాటి నుంచి పదేళ్ల పాటు అవి ఉచితం. 1995 సెప్టెంబరులో, అప్పటి ఏకైక రిజిస్ట్రార్ నెట్‌వర్క్ సొల్యూషన్స్ రెండేళ్లకు 100 డాలర్లు వసూలు చేయడం మొదలుపెట్టింది. అందులో 30 శాతం అమెరికా ప్రభుత్వ నిధికి పోయేది. 1998లో ఆ వాటా తీసేశాక రుసుము 70 డాలర్లకు దిగింది. మరుసటి ఏడాది చిల్లర అమ్మకంలోకి పోటీ కంపెనీలను రానిచ్చారు. టోకు జాబితా మాత్రం ఒక్కరి చేతిలోనే మిగిలింది. వెరిసైన్ 2000లో నెట్‌వర్క్ సొల్యూషన్స్‌ను సుమారు 2,100 కోట్ల డాలర్లకు కొన్నది ఆ జాబితా కోసమే. తర్వాత కొన్నేళ్లకు చిల్లర వ్యాపారాన్ని అమ్మేసి, టోకును దగ్గర ఉంచుకుంది. ఏది లాభసాటో ఆ కంపెనీకి అప్పుడే తెలుసు.

టోకు ధర 2000 నాటికి ఏడాదికి 6 డాలర్లు. పెరుగుతూ 2012లో 7.85కు చేరి, అమెరికా ప్రభుత్వ నియంత్రణ వల్ల దాదాపు పదేళ్లు అక్కడే ఆగింది. 2021 సెప్టెంబరులో 8.39, 2022లో 8.97, 2023లో 9.59, 2024 సెప్టెంబరు 1న 10.26 డాలర్లు అయింది. ఇప్పుడున్న ఒప్పందం ప్రకారం ఆరేళ్ల గడువులో చివరి నాలుగేళ్లు ఏటా 7 శాతం దాకా పెంచుకోవచ్చు. 2024లో వెరిసైన్ ఆదాయం దాదాపు 156 కోట్ల డాలర్లు, నిర్వహణ లాభం 106 కోట్ల డాలర్లు. అంటే వంద డాలర్లు వస్తే అరవై ఏడు, అరవై ఎనిమిది మిగులు. డాట్ కామ్, డాట్ నెట్ కలిపి దాదాపు 17 కోట్ల పేర్లు దాని జాబితాలో ఉన్నాయి. కంపెనీ మొత్తం ఖర్చును వాటి మీద పంచితే పేరుకు ఏడాదికి 3 డాలర్లు పడుతుంది. సర్వర్లు ఎప్పుడూ ఆగకూడదు, దాడులను తట్టుకోవాలి, ఆ పని తేలికైనది కాదు. అయినా వెయ్యిమంది లోపు ఉద్యోగులతో నడిచే కంపెనీకి ఇంత మిగులు రావడానికి అసలు కారణం ఒక్కటే: డాట్ కామ్ పేరు కావలసినవాడికి మరో టోకు దుకాణం లేదు.

రిజిస్ట్రార్ దగ్గరికి వచ్చేసరికి కథ తిరగబడుతుంది. ఐకాన్ గుర్తింపుకు దరఖాస్తు రుసుము 3,500 డాలర్లు, ఆ తర్వాత ఏటా 4,000 డాలర్లు, అది కాక ప్రతి పేరు మీదా 18 సెంట్లు (2025 జులై నుంచి 20). ఇంత తక్కువ పెట్టుబడితో దిగగలిగే రంగంలో పోటీ ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. 2018లో క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ పేర్లను టోకు ధరకే, పైసా లాభం వేసుకోకుండా అమ్ముతామని ప్రకటించింది. దాని లాభం వేరే సేవల్లో ఉంది. అసలు ధరకే అమ్మేవాడు ఒకడుంటే మిగతావాళ్లు ఎంత పైన వేసుకోగలరు? అందుకే రిజిస్ట్రార్లు పేరును ఎరగా పెట్టి మిగతావి అమ్ముతారు. హోస్టింగ్, ఈమెయిల్, సెక్యూరిటీ సర్టిఫికెట్, వెబ్‌సైట్ తయారుచేసే సాఫ్ట్‌వేర్. 2024లో గోడాడీ ఆదాయం 457 కోట్ల డాలర్లయితే, అందులో మూడో వంతుకు పైగా వచ్చింది ఇలాంటి సాఫ్ట్‌వేర్, వాణిజ్య సేవల నుంచే. లాభం శాతం కూడా పేర్లూ హోస్టింగ్ ఉన్న విభాగం కంటే ఆ విభాగంలోనే ఎక్కువ.

బాన్సువాడ చుట్టుపక్కల రైస్ మిల్లుల లెక్క తెలిసినవారికి ఇది కొత్తగా అనిపించదు. ప్రభుత్వ ధాన్యం మర ఆడించినందుకు ఇచ్చే చార్జీ నామమాత్రం. మిల్లు నడిచేది తవుడు, నూకల మీద.

రిజిస్ట్రార్‌కు ఉన్న రెండో ఆధారం రెన్యువల్. మొదటి ఏడాది ధర నష్టానికైనా సరే తగ్గించి ప్రకటిస్తారు, రెండో ఏడాది నుంచి అసలు ధర. డాట్ ఆన్‌లైన్, డాట్ స్టోర్, డాట్ ఎక్స్‌వైజెడ్ వంటి కొత్త తోకల్లో ఈ తేడా మరీ ఎక్కువ: తొలి ఏడాది వంద, నూటయాభై రూపాయలకు దొరికిన పేరుకే మరుసటి ఏడాది వేలల్లో బిల్లు వస్తుంది. అప్పటికి ఆ పేరు బోర్డు మీదా, బిల్లు పుస్తకాల మీదా, ఆటో వెనక ఫ్లెక్సీ మీదా ఎక్కి ఉంటుంది కాబట్టి కట్టక తప్పదు. ఇలాంటి తోక ఒకటి పెట్టుకోవడానికి 2012లో ఐకాన్ తీసుకున్న దరఖాస్తు రుసుమే 1,85,000 డాలర్లు. ఆపై ఏటా పాతికవేల డాలర్ల స్థిర రుసుము. పెట్టినవాడు అది రాబట్టుకోవలసింది రెన్యువల్‌లోనే. ఈ తోకల వ్యాపారంలో పేరున్న రాడిక్స్, భారతదేశంలో రీసెల్లర్ పద్ధతిని విస్తరించిన డైరెక్టి, రెండూ ముంబైకి చెందిన తురఖియా సోదరుల సంస్థలే. డైరెక్టి నుంచి పుట్టిన రీసెల్లర్‌క్లబ్, బిగ్‌రాక్‌లను 2014 నాటికి ఎండ్యూరెన్స్ అనే అమెరికా కంపెనీ కొనుక్కుంది.

గడువు మరిచిపోయినవారి మీద వచ్చే డబ్బు మూడోది. డాట్ కామ్ పేరు గడువు దాటాక 45 రోజుల వరకు మామూలు ధరకే పునరుద్ధరించుకునే వీలు సాధారణంగా ఉంటుంది. ఆ తర్వాత 30 రోజుల విమోచన గడువు. ఆ దశలో రిజిస్ట్రీయే 40 డాలర్లు తీసుకుంటుంది, రిజిస్ట్రార్ దాని మీద మరికొంత వేస్తాడు. ఆపై ఐదు రోజులకు పేరు బజారున పడుతుంది. కాస్త గిరాకీ ఉన్న పేరైతే అంతదాకా రానివ్వకుండా రిజిస్ట్రారే వేలం వేస్తాడు.

ఇక రూపాయి లెక్క. 2012లో 7.85 డాలర్లంటే, అప్పటి మారకం 53 రూపాయల చొప్పున, 416 రూపాయలు. 2024 సెప్టెంబరులో 10.26 డాలర్లంటే, 84 చొప్పున, 862 రూపాయలు. డాలర్లలో పెరిగింది 31 శాతమే. ఇక్కడి కొనుగోలుదారుకు రెట్టింపు దాటింది. వెరిసైన్ ధరల పెంపు మీద అమెరికాలో ఏళ్ల తరబడి వాదాలు నడిచాయి. రూపాయి పతనం వల్ల పడిన భారం అంతకంటే పెద్దదైనా దాని గురించి మాట్లాడినవారు తక్కువ.

ఈ గొలుసు చివర ఉన్న రీసెల్లర్ పరిస్థితి ఒక ఊహా లెక్కతో తేటపడుతుంది. డాలరు 85 అనుకుంటే టోకు ధర, ఐకాన్ వాటా కలిపి 887 రూపాయలు. రిజిస్ట్రార్ కొంత వేసుకుని రీసెల్లర్‌కు 940కి ఇచ్చాడనుకుందాం. 18 శాతం జీఎస్టీతో 1,109 అవుతుంది. ఏటా 20 లక్షల లోపు సేవల వ్యాపారం చేసేవాడు జీఎస్టీ నమోదు చేసుకోనక్కర్లేదు, కాబట్టి బాన్సువాడ స్థాయి రీసెల్లర్‌కు ఆ పన్ను ఖర్చు కిందే పోతుంది. స్కూలు దగ్గర 1,200 తీసుకుంటే మిగిలేది 91 రూపాయలు. యూపీఐ మీద వ్యాపారికి చార్జీ లేదు గనుక ఫోన్‌పేలో తీసుకుంటే ఆ 91 అంతా దక్కుతుంది. కార్డు గేట్‌వే పెడితే రెండు శాతం చొప్పున మరో 24 పోతుంది. జీఎస్టీ నమోదు చేసుకుంటే మేలా అంటే, స్కూలుకు పన్ను క్రెడిట్ వాడుకునే వీలు లేదు కనుక అదే 1,200లోంచి పన్ను తీయాలి. అసలు 1,017, ఖర్చు 940, మిగులు 77కు పడిపోతుంది.

ఊళ్లో అరవై మంది ఖాతాదారులను సంపాదించినా పేర్ల మీద ఏడాదికి వచ్చేది 5,460 రూపాయలు, నెలకు 455. గడువు దగ్గరపడినప్పుడల్లా ఒక్కొక్కరికి నాలుగుసార్లు ఫోన్ చేసి గుర్తుచేయడానికి అయ్యే సమయానికి కూడా అది సరిపోదు. ఎవరైనా కట్టడం మరిచిపోతే తప్పు రీసెల్లర్‌దే అంటారు, విమోచన రుసుము అతని మీద పడినా పడుతుంది. అందుకే చిన్న ఊళ్లలో డొమైన్ పేరును విడిగా అమ్మేవారు దాదాపు కనిపించరు. వెబ్‌సైట్, హోస్టింగ్, ఫోటోలు, ఏటా చిన్న మార్పులు అన్నీ కలిపి ఒక ప్యాకేజీ ధర చెబుతారు, పేరు అందులో ఒక పద్దు. ఇరవై, ముప్పై చిన్న సైట్లను ఒకే హోస్టింగ్ ఖాతాలో సర్దడం వల్ల హోస్టింగ్ పద్దులో మిగులు అసలు ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది. పైగా వాట్సాప్ బిజినెస్, ఫేస్‌బుక్ పేజీ, గూగుల్ మ్యాప్స్ పద్దు ఉచితంగా ఉండగా కిరాణా దుకాణానికి డొమైన్ అవసరమే రాదు. గిరాకీ అంతా స్కూళ్లు, ఆసుపత్రులు, ఫంక్షన్ హాళ్లు, విత్తన, ధాన్యం వ్యాపారుల నుంచే. దుకాణాల పద్దుతో పాటు గూగుల్ ఉచితంగా ఇచ్చిన చిన్న వెబ్‌సైట్లను 2024 మార్చిలో ఆపేసింది. కొందరైనా సొంత పేరు వైపు రావడానికి అదొక కారణం.

డాట్ ఇన్ వైపు చూస్తే టోకుదారు నిక్సీ, 2003లో ఏర్పడిన లాభాపేక్ష లేని సంస్థ. 2005 వరకు డాట్ ఇన్ పేరు పొందడం ఎంత కష్టమంటే దేశం మొత్తం మీద ఏడువేల పేర్లే ఉండేవి. ఆ ఏడాది ఆరంభంలో నియమాలు సడలించి రిజిస్ట్రార్ల ద్వారా అమ్మడం మొదలెట్టాక ఇప్పుడు నలభై లక్షలు దాటాయి. తెర వెనక సాంకేతిక నిర్వహణ మాత్రం టెండరు మీద విదేశీ కంపెనీల చేతుల్లో ఉంటూ వచ్చింది: మొదట అఫీలియస్, 2019లో న్యూస్టార్, దాని రిజిస్ట్రీ వ్యాపారాన్ని కొన్న గోడాడీ రిజిస్ట్రీ, తర్వాత టుకోస్. డాట్ కామ్‌లో ఏకస్వామ్యం ఒకే కంపెనీకి చిక్కితే, ఇక్కడ ఆ పనికి కంపెనీలు పోటీపడి తక్కువ కోట్ చేయాలి. రీసెల్లర్‌కు డాట్ ఇన్ మీద డాలర్ భయం తక్కువ. అయితే ధరే తక్కువ కావడం వల్ల మిగులూ తక్కువే.

తెలుగు లిపిలో డాట్ భారత్ పేర్లు కూడా నిక్సీవే. దేవనాగరి తోక 2014 ఆగస్టులో మొదలైంది, తెలుగు సహా మిగతా లిపులు తర్వాత వచ్చాయి. 2021 ఆరంభంలో డాట్ ఇన్ కొన్నవారికి భారతీయ భాషా పేరును ఉచితంగా ఇచ్చే పథకం పెట్టినా గిరాకీ పుంజుకోలేదు. చాలా వెబ్‌సైట్ల ఫారాలు తెలుగు లిపి ఈమెయిల్‌ను ఇప్పటికీ ఒప్పుకోవు. ఉచితంగా దొరికేదాన్ని అమ్మి లాభం చేసుకునే రీసెల్లర్ ఉండడు.

రిజర్వ్ బ్యాంకు 2025 ఫిబ్రవరిలో ప్రకటించిన డాట్ బ్యాంక్ డాట్ ఇన్ వీటన్నిటికీ భిన్నం. మోసపు సైట్లను అరికట్టడానికి దేశంలోని బ్యాంకులన్నీ ఆ ఏడాది అక్టోబరు 31లోగా ఆ తోకకు మారాలని ఆదేశించింది. ఆ పేర్లు ఇచ్చే ఏకైక రిజిస్ట్రార్ హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ, అంటే రిజర్వ్ బ్యాంకు 1996లో స్థాపించిన బ్యాంకింగ్ సాంకేతిక సంస్థ. మధ్యలో రీసెల్లర్ లేడు, తగ్గింపు ఆఫర్ లేదు, వేలం లేదు. బ్యాంకుకు అసలు ఖర్చు పేరు రుసుములో లేదు. ఈమెయిళ్లు, యాప్‌లు, ముద్రించిన కాగితాలు అన్నీ కొత్త చిరునామాకు మార్చడంలో ఉంది.

ఇంతవరకు చూసింది కొత్తగా నమోదయ్యే పేర్ల సంగతి. ఒకసారి నమోదైన పేరును ఎక్కువ ధరకు మళ్లీ అమ్మడం వేరే వ్యాపారం, చాలామంది కుర్రవాళ్లను ఆకర్షించేది ఇదే. 2019లో వాయిస్ డాట్ కామ్ 3 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. హబ్‌స్పాట్ సహవ్యవస్థాపకుడు ధర్మేశ్ షా 2023లో చాట్ డాట్ కామ్‌ను 1.55 కోట్ల డాలర్లకు కొన్నాడు. తర్వాత అది ఓపెన్‌ఏఐ చేతికి వెళ్లింది. వార్తల్లోకి ఎక్కేవి ఇవే. ఏళ్ల తరబడి రెన్యువల్ కట్టి చివరికి వదిలేసిన కోట్ల పేర్లు ఏ వార్తలోనూ ఉండవు.

ఈ రంగంలో ఉన్నవాళ్లు చెప్పుకునే మోటు లెక్క ప్రకారం, చేతిలో వంద పేర్లుంటే ఏడాదికి ఒకటో రెండో అమ్ముడవుతాయి. పేరుకు వెయ్యి రూపాయలు, జీఎస్టీ కలిపి 1,180 చొప్పున వంద పేర్లకు ఏటా 1,18,000 ఖర్చు. ఒక పేరు 1,500 డాలర్లకు అమ్ముడై, పేర్లు అమ్మిపెట్టే అంగడి కమీషన్ 20 శాతం పోతే చేతికి 1,200 డాలర్లు, అంటే 1,02,000 రూపాయలు. ఆ ఏడాది 16,000 నష్టం. రెండు అమ్ముడైతే 86,000 లాభం. ఒక్క అమ్మకం అటూ ఇటూ కావడంతో లాభనష్టాలు తారుమారవుతాయి. సెడో, ఆఫ్టర్నిక్ వంటి అంగళ్లు తమ దగ్గర పేరును ఎలా పెట్టారన్న దాన్నిబట్టి 10 నుంచి 25 శాతం దాకా కమీషన్ తీసుకుంటాయి. వాటికి మాత్రం పేరు నిలువ ఉంచే ఖర్చు లేదు. అమ్ముడుపోని పేర్ల మీద కూడా రిజిస్ట్రీకి ఏటా ముట్టేది ముడుతుంది.

ఒకప్పుడు ఈ నిలువ ఖర్చును కూడా తప్పించుకునే దారి దొరికింది. పేరు తీసుకున్న ఐదు రోజుల్లోగా రద్దుచేస్తే పూర్తి సొమ్ము వాపసు వచ్చేది. లక్షల పేర్లు తీసుకుని, ప్రకటనల మీద నాలుగు పైసలు వస్తున్నవాటినే ఉంచి మిగతావి వాపసు చేసేవారు. 2009 నుంచి పది శాతం దాటిన రద్దులకు రుసుము తిరిగి ఇవ్వకూడదని ఐకాన్ నిబంధన పెట్టాక ఆ పని 99 శాతానికి పైగా తగ్గిపోయింది. ఉచితం తీసేస్తే నిలబడని వ్యాపారం అది.

తెలుగు పేర్లకు మళ్లీ అమ్మే ధర ఎందుకు పలకదన్నది విడిగా చూడాలి. ఇంగ్లిష్ మాటకు సాధారణంగా స్పెల్లింగ్ ఒక్కటే, అది పోతే మరొకటి లేదు. తెలుగు మాటను రోమన్ అక్షరాల్లో రాస్తే దీర్ఘానికి ఒక అక్షరమా రెండా, త పక్కన హెచ్ పెట్టాలా వద్దా, చివర వై రాయాలా ఐ రాయాలా అన్నది ఎవరిష్టం వారిది. ఆంధ్రజ్యోతి సైట్ చివరి అక్షరం వై. ఐ అని కొట్టేవాళ్లూ తక్కువేమీ కాదు. ఈనాడు డాట్ నెట్‌తోనే దశాబ్దాలుగా నడుస్తోంది. బాన్సువాడ పేరునే మూడు నాలుగు రకాలుగా రాయవచ్చు. ఒక రూపం ఎవరో ముందుగా తీసుకుని యాభైవేలు అడిగితే, ఊళ్లోని వ్యాపారి ఒక అక్షరం మార్చుకుంటాడు, లేదా డాట్ ఇన్ తీసుకుంటాడు. కొరత లేని సరుకుకు ధర రాదు. పెద్ద బ్రాండ్లకు ఇదే ఎదురు తిరుగుతుంది: ఇంకొకరు వాడకుండా అన్ని రూపాలూ తామే తీసుకుని ఏటా కట్టుకుంటూ పోవాలి.

పెద్ద కంపెనీ పేరును ముందే నమోదుచేసి దానికే అమ్మజూపడం చట్టం దగ్గర నిలవదు. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ ల్యాబొరేటరీస్ తన పేరును పోలిన డాట్ కామ్ మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి 2001లో అనుకూల ఉత్తర్వు పొందింది. సత్యం కంప్యూటర్స్ అనుబంధంగా మొదలైన సత్యం ఇన్ఫోవే, సిఫీ పేరు మీద వేసిన కేసులో 2004 మే 6న సుప్రీంకోర్టు డొమైన్ పేరుకు ట్రేడ్‌మార్క్‌కు ఉండే లక్షణాలన్నీ ఉన్నాయని తేల్చింది. కోర్టు దాకా పోకుండా ఐక్యరాజ్యసమితి మేధోసంపత్తి సంస్థ దగ్గర ఫిర్యాదు చేస్తే, ఐదు పేర్ల వరకు ఒక మధ్యవర్తి తీర్పుకు 1,500 డాలర్లు. డాట్ ఇన్‌కు నిక్సీ వేరే విధానం పెట్టింది. ఆ 1,500 డాలర్లు ఒక రకంగా బేరానికి పైకప్పు: అంతకంటే బాగా ఎక్కువ అడిగితే కంపెనీకి ఫిర్యాదే చవక. 2024లో జియో, హాట్‌స్టార్ కలుస్తాయన్న ముందుచూపుతో జియోహాట్‌స్టార్ డాట్ కామ్‌ను తీసుకున్న ఢిల్లీ డెవలపర్ ఒకరు తన కేంబ్రిడ్జి చదువు ఖర్చు ఇమ్మని రిలయన్స్‌ను బహిరంగంగా అడిగాడు, కంపెనీ ఇవ్వలేదు.

తక్కువ మిగులు మీద నడిచే రిజిస్ట్రార్ కూలితే ఆ ఖర్చు ఎవరి మీద పడుతుందో నెట్4 ఇండియా ఉదంతంలో తేలింది. ఒకప్పుడు దేశంలో పేరున్న ఈ ఢిల్లీ కంపెనీ దివాలా ప్రక్రియలో చిక్కుకుంది. వేలాది ఖాతాదారులకు రెన్యువల్ చేసుకునే దారీ, వేరే చోటికి మారే దారీ మూసుకుపోయాయి. 2021లో ఐకాన్ దాని గుర్తింపు రద్దుచేసి, పేర్లను మరో రిజిస్ట్రార్‌కు బదలాయించింది. ఆ మధ్యకాలంలో సైట్లు, ఈమెయిళ్లు ఆగిపోయినవారికి పరిహారం ఇచ్చే ఏర్పాటేదీ ఈ గొలుసులో లేదు.

చిన్న ఊళ్లో ఈ ప్రమాదం మరో రూపంలో ఉంటుంది. వెబ్‌సైట్ చేసిపెట్టినవాడు పేరును స్కూలు పేరిట కాక తన పేరిట, తన ఈమెయిల్‌తో నమోదు చేస్తాడు. అందులో దురుద్దేశం ఉండాలనేం లేదు, అన్ని రెన్యువల్‌లూ ఒకే ఖాతాలో చూసుకోవడం అతనికి సులువు. అతను వ్యాపారం మానేసినా, హైదరాబాద్‌లో ఉద్యోగానికి వెళ్లిపోయినా, పేరు మీద హక్కు రికార్డు ప్రకారం అతనిదే. నమోదుదారుగా స్కూలు పేరు ఉంటే మాత్రం మార్పిడి కోడ్ అడిగి తీసుకుని వేరే రిజిస్ట్రార్‌కు మారవచ్చు. కొత్తగా నమోదైన పేరుకు, ఒకసారి మారిన పేరుకు 60 రోజుల వరకు ఆ వీలుండదు. డాట్ కామ్ మార్పిడికి కట్టే మొత్తంలోనే ఒక ఏడాది పొడిగింపు కలిసి ఉంటుంది, దానికి విడిగా ఖర్చు లేదు.